పెట్రోలు ముల్లుతో నిజం చెప్పించిన మూడు రోజులు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గడప మీద ఎవరు? లోపలికి రామ్మా, చాప మీద చోటుంది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే ఉండండి, చెవి మాత్రం ఇటు వెయ్యండి. ఇది మా ఇంట్లో జరిగింది. అందులో సగం నా చేతుల మీదుగానే జరిగింది. ఇప్పుడు తలుచుకున్నా ముందు గుండె దడదడమంటుంది, ఆ వెనకే నవ్వొస్తుంది.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన మూడు నాలుగేళ్ళ నాటి సంగతి. మా పల్లె అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున. ఊరంతా చేపలు పట్టే వాళ్ళమే. మగవాళ్ళందరి చేతిలో తెడ్డు ఉంటే మా ఆయన చేతిలో మాత్రం స్టీరింగు ఉండేది. చిన్నప్పుడే పట్టాళంలో చేరి, లారీలు తుడుస్తూ తుడుస్తూ తోలడం నేర్చుకుని వచ్చాడు. అల్లూరులో ఒక ఆసామి, వరి పొలాలున్న పెద్ద రైతు, పట్టాళం వాళ్ళు వేలం వేసిన పాత వ్యాను ఒకటి కొని, దాని మీద మా ఆయన్ను డ్రైవరుగా పెట్టుకున్నాడు.

పొద్దున్నే మా పల్లెలో చేపల గంపలు ఎక్కించుకుని, అల్లూరు మీదుగా నెల్లూరు పోవాలి. చేపలు దించి, బంకులో పెట్రోలు పోయించుకుని, తిరుగు దారిలో ఆసామికి కనిపించి, మళ్ళీ బండితో పల్లెకు రావాలి. అదీ రోజూ పని. ఆ బండి వచ్చాకే మా ఆడవాళ్ళ నెత్తి మీద నుంచి గంపలు దిగాయి. అంతకు ముందు అల్లూరు దాకా ఇసకలో నడిచే వాళ్ళం. అందుకే ఆ బండి హారను వినబడితే పిల్లా పెద్దా అందరం బయటికొచ్చి నిలబడే వాళ్ళం. స్టీరింగు వెనక ఉన్నది నా మొగుడాయె, నేను అందరికంటే ఒక అడుగు ముందు నిలబడేదాన్ని!

ఒక సాయంత్రం బండి వచ్చింది కానీ హారను మోగలేదు. మా ఆయన దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెంబుతో నీళ్ళిస్తే పక్కన పెట్టాడు.

“ఏమైంది మావా?” అంటే అప్పుడు చెప్పాడు. చెప్పేటప్పుడు ఆసామి మాట ఆసామి గొంతుతోనే చెప్పాడు.

డ్రైవరు ముందు ఒక గుండ్రటి అద్దం ఉంటుంది, అందులో ఒక ముల్లు. పెట్రోలు నిండా ఉంటే ముల్లు కుడి పక్కకు లేచి ఉంటుంది. అయిపోతే ఎడమ పక్కకు పడిపోతుంది. ఆరోజు అల్లూరులో ఆసామి బండి దగ్గరికి వచ్చి, తల లోపలికి పెట్టి ముల్లు చూశాడట.

“ఏరా, నెల్లూళ్ళో నిండా పోయించుకున్నా అంటివే?”

“పోయించినానయ్యా.”

“మరి ముల్లు పండుకోనుండాదే? ఈ కాస్త దూరానికే ట్యాంకంతా తాగిందా? నిన్నా ఇట్నే ఉన్నింది, మొన్నా ఇట్నే ఉన్నింది.”

“ముల్లు తప్పు చూపిస్తుండాదయ్యా. లోపల పెట్రోలు ఉండాది.”

“ముల్లుకేం పనిరా అబద్ధం చెప్పను? దానికేమన్నా పెళ్ళామా, పిల్లలా?”

ఆ మాటకు అర్థం ఏమిటి? పెళ్ళాం పిల్లలున్నవాడు పెట్రోలు అమ్ముకుంటున్నాడని అనడమే కదా! ట్యాంకు చూపిద్దామంటే అది బండి వెనక, అడుగున ఎక్కడో ఉంటుంది. పెట్రోలు పోసే గొట్టం వంకర తిరిగి ఉంటుంది, పుల్ల పెట్టి కొలవడానికి కుదరదు. ఆసామి చివరికి ఒక మాట అన్నాడట. “ముల్లు అబద్ధమంటుండావు గదా. అయితే దానితో నిజం చెప్పించు. ఎల్లుండి పొద్దుగూకే లోపల. చెప్పించలేకపోతే తాళాలు నా చేతిలో పెట్టి, పోయి తెడ్డు పట్టుకో.”

“దొంగ అన్నాడు మే నన్ను. నోటితో అనలా, అంతే తేడా,” అన్నాడు మా ఆయన. నన్ను మే అనే పిలిచేవాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు చేపలు దించి మధ్యాహ్నానికే వచ్చేశాడు. బండి మా ఇంటి ముందే ఆపి, చొక్కా విప్పి, నాతో అన్నాడు: “మూడే చోట్లు మే. ముందర అద్దం, నడాన తీగ, వెనక ట్యాంకు. మూడింట్లో ఎవురో ఒకరు అబద్ధం చెప్తుండారు.”

“అయితే ఒక్కొక్కరినే అడుగుదాం పద,” అన్నాను నేను.

నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నేను ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు! చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యకు లాక్కుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాను. పట్టుకోవాల్సిన పని లేదు, అయినా పట్టుకున్నాను. పల్లెలో ఆడవాళ్ళంతా వల కుట్టే పని వదిలేసి చుట్టూ మూగారు.

మా ఆయన తాళం తిప్పి, వెనక్కు పోయి, బండి అడుగున దూరాడు. “తీగ పీకుతుండా. ముల్లు చూసి గట్టిగా అరువు!”

చూస్తూ ఉన్నాను. పడిపోయి ఉన్న ముల్లు ఒక్కసారిగా కుడి పక్కకు ఎగిరింది.

“లేచింది మావా! లేచి కొసన కొట్టుకుంది!”

“ఇప్పుడు అదే తీగ బండి ఇనుముకు తగిలిస్తుండా. ఇప్పుడో?”

“పడిపోయింది!”

“మళ్ళీ తీసినా!”

“మళ్ళీ లేచింది!”

నా అరుపులకు మా అత్త అరుగు మీద నుంచి కేకేసింది. “ఏందే ఆ గోల? వల్లో సొరచేప పడిందా?”

“ముల్లు లేస్తుండాది అత్తా!”

“లేస్తే లేవనీ, దానికి ఊరంతా లేపాల్నా!”

మా ఆయన ఒళ్ళంతా ఇసకతో బయటికి పాక్కుంటూ వచ్చాడు. ముందురోజు సాయంత్రం నుంచి చూడని నవ్వు ఆ మొహంలో చూశాను. “ముల్లు మంచిదే, తీగ మంచిదే. తప్పు ట్యాంకు లోపలే ఉండాది,” అన్నాడు. ట్యాంకులో ఏముంటుందో వేలితో ఇసకలో గీసి చూపించాడు. ఒక ఇనప చువ్వ, దాని కొసన నిమ్మకాయంత ఇత్తడి బుడ్డి. పెట్రోలు ఎంత ఎత్తు ఉంటే బుడ్డి అంత ఎత్తున తేలుతుంది. బుడ్డితో పాటు చువ్వ లేస్తుంది, చువ్వతో పాటు ముందున్న ముల్లు లేస్తుంది.

“ఓస్, ఇంతేనా! మన వల బెండే గదా!” అన్నాను.

వల పైఅంచుకు మేము కట్టే తేలిక కొయ్యను బెండు అంటాం. అది తేలితేనే వల నిలబడుతుంది. బెండు నీళ్ళు తాగితే వల మునుగుతుంది. పుట్టిన దగ్గర్నుంచి నా చేతుల్లో పెరిగిన వస్తువు అది!

గంపలు పెట్టే చోట, బండి అడుగు రేకులో ఒక మూత ఉంది. దాని స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి కదలవు. కిరసనాయిలు పోసి నానబెట్టి, ఒక్కొక్కటీ తిప్పాడు. ఆఖరి స్క్రూ దగ్గర మా అత్త చుట్ట కాల్చుకుంటూ చూడటానికి వచ్చింది. మా ఆయన ప్రాణం పోయినట్టు అరిచాడు. “అమ్మా! చుట్ట! నీకు దణ్ణం పెడతా, సముద్రం కాడికి పో!” అత్త అలిగి నిజంగానే సముద్రం దగ్గరికి పోయి కూర్చుంది.

మూత లేచింది. లోపల చూస్తే పెట్రోలు ముప్పాతిక పైనే ఉంది! మా ఆయన గుండెల మీద చెయ్యేసుకుని, “చూడండి అందరూ! నా పెట్రోలు చూడండి!” అని పల్లెకంతా చూపించాడు. చువ్వ బయటికి తీసి, బుడ్డిని చెవి దగ్గర ఊపాడు. నా చెవి దగ్గర కూడా ఊపాడు. లోపల గులగులమని చప్పుడు. బుడ్డికి ఎక్కడో కంటికి కనపడని చిల్లి పడి, పెట్రోలు తాగి, బరువెక్కి అడుగుకు చేరింది. పైన ఎంత పెట్రోలున్నా అది అడుగునే కూర్చుంటే ముల్లు ఖాళీ అని కాక ఏం చెబుతుంది?

ఇంతదాకా బాగానే ఉంది. ఇప్పుడు నా తెలివి వినండి.

ఆ పాత బండికి కొత్త బుడ్డి ఎక్కడా దొరకదు. గడువు మర్నాటికే. నేను ఇంట్లోకి పరుగెత్తి, మంచి బెండు ముక్క ఒకటి ఏరి, కత్తితో చెక్కి ఇత్తడి బుడ్డంత చేశాను. మా పుట్టింటి వాళ్ళు నావ అతుకులకు గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. బెండ్లకు కూడా అదే పూస్తారు, నీళ్ళు తాగకుండా. నేనూ గుగ్గిలం కాచాను. మూడు పూతలు పూశాను, పూత పూతకూ ఎండలో పెట్టాను. అద్దంలా మెరిసింది.

మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “అది పెట్రోలు మే, నీళ్ళు కాదు.”

“ఏదైతే ఏంది, తడి తడే గదా! నావకు పూస్తే ఏళ్ళ తరబడి చుక్క దూరదు. నీ ట్యాంకెంత, నీ బండెంత!”

వల తాడుతో చువ్వకు నేనే బిగించి కట్టాను. మూత పెట్టి, తాళం తిప్పితే, అబ్బ! ముల్లు మెల్లగా, నిద్ర లేచిన పిల్లలా ఒళ్ళు విరుచుకుంటూ లేచి ముప్పాతిక దగ్గర నిలబడింది. మా ఆయన హారను పట్టుకుని వదల్లేదు. సముద్రం దగ్గర నుంచి అత్త కూడా వచ్చేసింది. పాత ఇత్తడి బుడ్డిని నా చేతిలో పెట్టి, “ఇత్తడి పారేయబాక. రేపు నెల్లూరు పోతుండావు గదా, పాత సామాన్ల కొట్లో ఇచ్చి దీపపు కుంది తీసుకురా,” అంది.

అవును, మర్నాడు నేనూ బయలుదేరాను. ఆసామి మొహం చూడాలని! పొద్దున తాళం తిప్పితే ముల్లు ముప్పాతికకు కొంచెం కింద ఉంది. మా ఆయన నా మొహం చూశాడు. “మంచుకు ముడుచుకోనుంటది,” అన్నాను నేను, నాకేదో తెలిసినట్టు.

అల్లూరులో ఆసామి ముల్లు చూశాడు. మీసం కింద నవ్వు వచ్చిందో లేదో తెలియలేదు. “నేనూ నెల్లూరు దాకా వస్తా. ముల్లు ముందరే కూచుంటా,” అని ముందు సీట్లో ఎక్కాడు. నేను వెనక గంపల మధ్య కూర్చుని, మధ్యలో ఉన్న చిన్న కిటికీ లోంచి చూస్తున్నాను.

నాలుగు మైళ్ళు పోయామో లేదో, ముల్లు దిగడం మొదలుపెట్టింది. సగం. కాలు వంతు. గుంటలో బండి ఎగిరిన ప్రతిసారీ ఒక మెట్టు. ఆసామి వేలు చూపిస్తూ, “ఒరే, పోతుండాది! ఒరే, పోతుండాదిరా!” అని ఏట్లో కొట్టుకుపోయే దూడను చూసినట్టు అరుస్తున్నాడు. ఆఖరికి పడిపోయింది.

మా ఆయన ధైర్యంగానే అన్నాడు. “అయ్యా, నేనీడే ఉండా, మీరీడే ఉండారు. ఈ నాలుగు మైళ్ళలో పెట్రోలు నేనెవురికి అమ్మినా?”

ఆసామి చాపిన వేలు ముడుచుకున్నాడు. గెలిచామనుకున్నాను! సరిగ్గా అప్పుడు, కాలవ వంతెన దాటుతుండగా, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“ఇంకేం!” అన్నాడు ఆసామి. “అమ్మింది లేదు, అయిపోయింది! ఖాళీ ట్యాంకు పెట్టుకోని, ముల్లును ఏదో మాయ చేసి లేపి, నన్ను ఎక్కించినావు! నిన్నటి దాకా దొంగవేమో అనుకుంటి. ఇయాళ మోసగాడివి కూడా. తాళాలు ఇటియ్యి.”

చెయ్యి చాచాడు. మా ఆయన తాళం తీశాడు. గుత్తి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆ మనిషి చెయ్యని తప్పుకు తల వంచుకుంటున్నాడు, చేసినదాన్ని నేను గంపల మధ్య కూర్చున్నాను. గబగబా గంపలు పక్కకు నెట్టి అరిచాను.

“అయ్యా! తాళం తరవాత తీసుకుందురు గానీ, ముందు ఇట్టా రండి! ఆయన ఏం చెయ్యలా. చేసింది నేను!”

స్క్రూలు నిన్ననే తిప్పినవి కాబట్టి తేలిగ్గా వచ్చాయి. ఆసామి పంచె ఎగగట్టి వెనక ఎక్కాడు, మూత లోంచి తొంగి చూశాడు. పెట్రోలు సగానికి పైనే, కదులుతూ కనపడింది. ఆయన మొహం ఆ పెట్రోల్లో కనపడుతోంది. చాలాసేపు చూశాడు. ఆ తరవాత ముక్కు ఎగబీల్చాడు.

“ఇదేంది, గుగ్గిలం వాసన?”

మా ఆయన చువ్వ పైకి తీశాడు. నా అద్దంలాంటి బెండు మీద గుగ్గిలం ఒక్క పొర లేదు. కొసన జిగట తీగలు వేలాడుతున్నాయి. బెండు పెట్రోలు తాగి నల్లగా ఉబ్బింది. నీళ్ళకు ఏళ్ళ తరబడి లొంగని గుగ్గిలం పెట్రోలుకు ఒక్క రాత్రిలో కరిగిపోతుందని మా పుట్టింట్లో ఎవరికి తెలుసు? ఆ జిగటే ఇంజనుకు పెట్రోలు పోయే గొట్టానికి అడ్డం పడి బండి ఆగింది.

“నేనే పూసినానయ్యా, నావకు పూసినట్టు,” అన్నాను.

“ముందుండిన బుడ్డి ఏది?”

కుంది కోసమని తెచ్చిన బుడ్డి నా కొంగున ముడి వేసి ఉంది. ఇచ్చాను. ఆసామి చెవి దగ్గర ఊపాడు. గులగుల. ఇంకోసారి ఊపాడు. ఈ చెవి దగ్గర, ఆ చెవి దగ్గర. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా అయిపోయాడు ఆ పెద్దమనిషి!

“తాళం నీ కాడే ఉండనీ,” అన్నాడు మా ఆయనతో. “సాయంత్రం దాకా. ఈ బుడ్డి బాగై, ముల్లు నా కళ్ళ ముందర నిజం చెప్తే అప్పుడు చూస్తాం.”

మా ఆయన గొట్టం ఊడదీసి, నోటితో పీల్చి, ఉమ్మి, మళ్ళీ బిగించాడు. దగ్గుకుంటూ దగ్గుకుంటూ బండి నెల్లూరు చేరింది. చేపలు దించేశాక, గిన్నెలకు కలాయి పూసే ఒక సాయిబు దగ్గరికి ముగ్గురం పోయాం. నెరిసిన గడ్డం, తగరపు మసి పట్టిన చేతులు. బుడ్డి చేతిలోకి తీసుకుని మా వాసన చూశాడు, మా ముగ్గురి మొహాలు చూశాడు.

“చిల్లి ఏడుండాదో కనపడ్డం లే సాయిబన్నా,” అన్నాడు మా ఆయన.

“కంటికి కనపడదు. అదే చెప్తుంది, ఉండు,” అని సాయిబు వేడినీళ్ళ గిన్నె కొలిమికి దూరంగా జరిపి, బుడ్డిని పటకారుతో పట్టి ముంచాడు. ముగ్గురం గిన్నె మీదికి వంగాం. అతుకు పక్కనుంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. దాని వెనక ఇంకొకటి. సన్నటి దండలా వరసగా వచ్చాయి!

“అదో! అదో!” అని నేనూ ఆసామీ ఒక్కసారే అరిచాం.

సాయిబు ఆ చిల్లినే మేకు కొసతో కాస్త పెద్దది చేసి, పెట్రోలంతా వంచేశాడు. “ఇంక ఆ చిల్లికి మాటెయ్యి,” అని ఆసామి తొందర పెడితే సాయిబు ఆయన్ను ఎగాదిగా చూశాడు. “రెడ్డిగారూ, ఇందులో ఇంకా ఆవిరి ఉంది. ఇప్పుడు నిప్పు చూపిస్తే బుడ్డీ ఉండదు, నా గడ్డమూ ఉండదు. కూచోండి.” నీళ్ళలో మళ్ళీ మళ్ళీ కాచి, వంచి, వాసన పోయేదాకా ఆరబెట్టాడు. ఎప్పుడో మధ్యాహ్నం దాటాక తగరం చుక్క పెట్టాడు. అరచేతిలో తూచి చూసి, ఎక్కువైన తగరం గీకేశాడు. బరువు పెరిగితే మళ్ళీ మునుగుతుందట. వేడినీళ్ళలో ముంచితే ఈసారి ఒక్క బుడగ లేదు.

ఈలోగా మా ఆయన ట్యాంకు మొత్తం వంచేసి, నా గుగ్గిలం అంతా కడిగి శుభ్రం చేశాడు. బుడ్డి బిగించి, బండిని బంకులోకి నెట్టాం. పోసేవాడు గొట్టం పెట్టాడు. ఆసామి డ్రైవరు సీట్లో తానే ఎక్కి కూర్చుని, తాళం తిప్పమన్నాడు. కాలవ తూము దగ్గర నీళ్ళ మట్టం చూసే రైతు కదా, అదే గొంతుతో పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

“కదిలింది! ...కాలు! ...పొయ్యండిరా, పొయ్యండి! ...సగం! ...ముప్పాతికా! ...నిండిందిరోయ్!”

బంకులో వాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. మాకేం సిగ్గు! నేను మా ఆయన చెయ్యి పట్టుకుని గిచ్చేస్తున్నాను.

తిరుగు దారిలో గుంటలు వచ్చినప్పుడల్లా ముల్లు అటూ ఇటూ ఊగింది. ఆసామికి మళ్ళీ అనుమానం. “ఏందిరా ఇది, తాగినోడి మాదిరి ఊగతాంది?”

“లోపల అల లేస్తుండాదయ్యా. చదును బాట రానీ, అదే నిలబడతది,” అన్నాడు మా ఆయన. చదును బాట రాగానే నిలబడింది. నిండుకు కొంచెం కింద, పోయిన దూరానికి సరిగ్గా తగినంత.

అల్లూరు చేరేసరికి పొద్దు ఇంకా గూకలేదు. ఆసామి దిగాడు. తాళం అడగలేదు. తప్పైందని కూడా అనలేదు, అనే మనిషి కాదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, “రేపు తొందరగా రా, చేపలు మెత్తబడిపోతాయి,” అన్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి నా వైపు వేలు చూపించాడు.

“అమ్మా, నీకు చేతులెత్తి మొక్కుతా. ఇంక ట్యాంకులో వంట చెయ్యబాక!”

పల్లె కనపడేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఇసక బాట ఎక్కగానే మా ఆయన హారను మోగించాడు, ఆపకుండా. అందరూ బయటికొచ్చారు. అత్త కుంది ఏదని అడిగింది. నేను ముందు అద్దంలో ముల్లు చూపించాను, “అదే అత్తా, నీ ఇత్తడి!” అన్నాను.

విన్నారు కదా, ఇంక లేవండి, పొయ్యి మీద ఏముందో చూసుకోండి. మీ ఇంట్లో కుండలూ గంపలూ పైకి ఎంత నిండుగా కనపడతాయో లోపలా అంత నిండుగా ఉండాలి. మీ మగవాళ్ళు గడప దాటి పోయిన పనిలో మాట పడకుండా తిరిగి రావాలి. ఎప్పుడైనా ఒకరు నిజం చెబుతుంటే, అది నిజమని తేలేదాకా పక్కన నిలబడే మనిషి మీ ఇంట్లో ఒకరుండాలి. చల్లగా ఉండండి.